జాజ్ ముద్రణములలో రాగస్థితి

జాజ్ సంగీతమును హిందూదేశపు రాగసంగీతముతో మేళవింప యత్నించిన ధ్వనిముద్రణములు 1960 ప్రాంతమునుండి నేటివరకు ఎడతెగక వెలువడుచునే యున్నవి. వీనినిగూర్చిన ప్రశంసలలో సంగమము, సమన్వయము, ఎల్లలు లేని గానము అను మాటలు తరచుగా కానవచ్చును. ఈ మాటలు వినుటకు ఇంపుగా నుండును గాని వానివలన తెలియునది స్వల్పము. రెండు నదులు కలిసినచో నీరు కలియును. రెండు శాస్త్రములు కలిసినప్పుడు ఏది కలిసినది, ఏది కలియక నిలిచినది, ఏది కొట్టుకొనిపోయినది యని విచారింపవలసి యుండును. ఆంధ్రులకు ఈ విచారణ పరాయిది కాదు. ఈ ముద్రణములలో ముఖ్యములైన కొన్నిటియందు పాలకొల్లు మాండలినును, విజయనగరపు ఫిడేలును, హైదరాబాదు తబలాయు వినబడుచున్నవి. త్యాగరాజస్వామివారి తెలుగు కృతి యొకటి 2023లో వెలువడిన ఆల్బమున చోటు చేసికొన్నది.

మొదట చూడవలసినది ఆధారశ్రుతి. మన గాయకుడు తంబుర శ్రుతి చేసికొని కూర్చున్నది మొదలు మంగళము పాడువరకు షడ్జము కదలదు. రాగమునందలి ప్రతి స్వరమునకును అర్థము ఆ కదలని షడ్జమువలననే కలుగుచున్నది. జాజ్ పద్ధతి వేరు. మూడు నాలుగు స్వరములను ఒక్కమారు పలికించు కార్డు అను స్వరగుచ్ఛములు అందు వరుసగా మారుచుండును. గుచ్ఛము మారినప్పుడెల్ల దానిపై పలుకు స్వరముయొక్క స్థానము మారును. ఇప్పుడు గాంధారమైనది మరుక్షణమున పంచమము కావచ్చును. మనవారు గ్రహభేదమని యాలాపనలో నొక యలంకారముగా ఒకటి రెండు నిమిషములు చూపి విడుచు పనిని, జాజ్ వాదకుడు పాట పొడవునను చేయుచునే యుండును. జాన్ కోల్ట్రేను 1960లో వెలువరించిన ‘జెయింట్ స్టెప్స్’ ఇందుకు పరాకాష్ఠ. అందు మూడు ఆధారస్వరములు ఒకదానివెంట నొకటి తరుముకొని వచ్చును. అట్టి చోట రాగమునకు కాలు మోప తావు లేదు.

అయినను ఆ కోల్ట్రేనే ఈ మేళనమునకు ద్వారము తెరచినవారిలో ముఖ్యుడు. 1959లో మైల్స్ డేవిస్ వెలువరించిన ‘కైండ్ ఆఫ్ బ్లూ’ ఆల్బమున స్వరగుచ్ఛముల పరుగు తగ్గినది. ఒక్కొక్క స్వరవరుసపై వాదకుడు చాలసేపు నిలిచి విస్తరించు పద్ధతి యేర్పడినది. అందు సాక్సోఫోను వాయించినవారిలో కోల్ట్రేను ఒకడు. 1961 నవంబరులో న్యూయార్కునందలి విలేజ్ వాన్‌గార్డ్ అను శాలలో వాయించి, 1963లో ‘ఇంప్రెషన్స్’ ఆల్బమున చేర్చిన ‘ఇండియా’ యను రచనలో ఆతడు ఈ మార్గమున ఇంకను ముందునకు పోయినాడు. ఇరువురు బాస్ వాదకులు ఒక ఆధారస్వరమును విడువక పట్టియుండగా, దానిపై కోల్ట్రేను సాక్సోఫోనును, ఎరిక్ డాల్ఫీ బాస్ క్లారినెట్టును విహరించును. ఇది రాగము కాదు, రాగమని యెవరును చెప్పుకొనలేదు. ఒకచోట నిలిచియుండుటలో ఎంత చలనము కలదో మన సంగీతమునుండి గ్రహించి, దానిని తన భాషలో చెప్పినాడు. 1965లో జన్మించిన కుమారునకు రవిశంకరుని పేరు పెట్టుకొన్న యభిమానము ఆతనిది. మన రాగముల పేర్లు తగిలించుకొని తరువాత వచ్చిన రచనలు పెక్కింటికంటె ఈ రచనయే మన సంగీతమునకు దగ్గరగా నున్నది.

1966లో లండనున జో హేరియట్, జాన్ మేయర్ కలిసి వెలువరించిన ‘ఇండో-జాజ్ సూట్’ నందు జాజ్ వాదకులు ఐదుగురు, భారతీయ వాద్యములవారి పక్షమున ఐదుగురు. చారిత్రకముగా దాని గౌరవము దానికి కలదు. వినినవారికి మాత్రము ఒకే పంక్తిని కూర్చుండి వేరువేరు విస్తళ్లలో భుజించినట్లు తోచును. ఒకరు ముగించిన పిమ్మట వేరొకరు ఆరంభింతురు గాని, ఒకరి మాటకు మరియొకరు బదులు చెప్పుట యరుదు.

బదులు చెప్పుట ‘శక్తి’ బృందముతో ఆరంభమైనది. ఆంగ్లేయుడైన గిటారు వాదకుడు జాన్ మెక్‌లాఫ్‌లిన్, ఫిడేలు విద్వాంసుడు ఎల్. శంకర్, తబలాపై జాకీర్ హుసేన్, ఘటముపై విక్కు వినాయకరామ్, మృదంగముపై రామనాథపురము రాఘవన్ అను వీరు 1975 జూలై 5వ తేదీన అమెరికాలోని సౌతాంప్టన్ కళాశాలలో చేసిన కచేరి మరుసటి యేడు ఆల్బముగా వెలువడినది. ఇందు విచారింపదగినది గిటారు. గిటారు మెట్లు పియానోవలె సమానముగా పంచిన స్వరస్థానములకు కట్టుబడినవి. తీగను పక్కకు లాగి గమకము పలికించుటకు సాధారణమైన గిటారు అంతగా లొంగదు. మెక్‌లాఫ్‌లిన్ తన గిటారుకు మెట్లనడుమ చెక్కను లోతుగా తొలిపించి, అడ్డముగా శ్రుతితీగలను బిగించుకొన్నాడు. అనగా వీణయందు మెట్లనడుమ సహజముగా నున్న లోతును, ప్రక్కన మ్రోగు తాళపు తీగలను గిటారులో కల్పించుకొన్నాడన్నమాట. పరదేశపు గానమును ఆడంబరమునకు వాడుకొను వాడు తన వాద్యమును చెక్కుకొనడు.

అయితే ఇందుకు ఆతడు చెల్లించిన మూల్య మేమి? స్వరగుచ్ఛముల గమనమును చాలవరకు విడిచినాడు. శ్రుతి కదలదు. రాగము నిలిచినది, లయ రాజ్యమేలినది. ఇది జాజ్ కానేకాదని యానాడు ఆక్షేపించినవారు కలరు. ఆ యాక్షేపణ పూర్తిగా నిరాధారము కాదు. హార్మొనీ విడిచిన పిదప జాజ్‌నందు మిగులునవి మనోధర్మమును, పరస్పరసంభాషణమును. ఆ రెంటిలో మనోధర్మము మన కచేరికిని ప్రాణమే. కావున ‘శక్తి’ యందు సంధి సమానముల నడుమ జరుగలేదనియు, జాజ్ వచ్చి రాగము నింట అతిథియై నిలిచినదనియు చెప్పవలెను. ఆతిథ్యము మంచిదే, దానిని సంధి యనుట మాత్రము పొసగదు.

విదేశీయవాద్యములు మన యింటికి వచ్చి మన భాష నేర్చుట క్రొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితుల సోదరుడు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల ఫిడేలును మన సంగీతమునకు చేర్చినవారిలో ప్రథమగణ్యుడు. ముత్తుస్వామి దీక్షితులు దొరల బ్యాండు వరుసలకు శంకరాభరణమున సంస్కృతసాహిత్యము కూర్చిరి. ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతి ఫిడేలును విన్నవారికి అది పరదేశపు వాద్యమను తలంపే కలుగలేదు. ఈ వరుసలో చేరదగినవాడు ఉప్పలపు శ్రీనివాస్. ఆతడు 1969లో పాలకొల్లున జన్మించెను, 2014లో అకాలమున గతించెను. మాండలినుకు నాలుగు జతల తీగలుండుట పరిపాటి. జంటతీగ గమకమునకు అడ్డుపడును గనుక శ్రీనివాస్ ఐదు ఒంటితీగల విద్యుత్ మాండలినును చేపట్టినాడు. గురువైన రుద్రరాజు సుబ్బరాజుగారికి మాండలిను రాదు. ఆయన పాడి వినిపింపగా శిష్యుడు దానిని తీగపై పలికించుకొన్నాడు. ఈ యొక్క సంగతివలన ఆతని వాదనమున గాత్రధర్మ మెందుకు తొణికిసలాడునో తెలియుచున్నది. 1983లో, పదునాలుగేండ్ల ప్రాయమున, బెర్లిను జాజ్ ఉత్సవమున వాయించినప్పుడు ఆతడు జాజ్ వాయింపలేదు, మన కచేరియే చేసినాడు. తరువాత ‘రిమెంబర్ శక్తి’ బృందమున మెక్‌లాఫ్‌లిన్ ప్రక్కన కూర్చున్ననాడును ఆతని గమకములో తరుగు రాలేదు. మేళనములో పాల్గొనువాడు ముందుగా తన శాస్త్రమున స్థిరుడై యుండవలె ననుటకు ఆతనికి మించిన నిదర్శనము లేదు.

సమానుల నడుమ సంధికి నిజమైన యత్నము 2008లో వెలువడిన ‘కిన్స్‌మెన్’ ఆల్బమున కనబడుచున్నది. రుద్రేశ్ మహంతప్ప కన్నడకుటుంబమున పుట్టి అమెరికాలో పెరిగిన సాక్సోఫోను వాదకుడు. విద్యార్థిదశలో నుండగా అన్న పరిహాసమున కొక ఆల్బమును చేతికిచ్చినాడట. అది కద్రి గోపాలనాథుని సాక్సోఫోను కచేరి. గోపాలనాథుడు నాగస్వర విద్వాంసుల యింట పుట్టినవాడు. సాక్సోఫోను మీటలలో మార్పులు చేసికొని, పెదవి యదుపుతోను, ఊపిరితోను నాగస్వరపు గమకమును దానియందు పలికించి 2019లో గతించువరకు ఆ విద్యకు పెట్టినది పేరుగా నుండెను. పరిహాసముగా వచ్చిన ఆల్బము శిష్యరికమునకును, తుదకు ఇరువురును కలిసి వాయించిన ‘కిన్స్‌మెన్’ ఆల్బమునకును దారి తీసినది. జ్ఞాతులు, చుట్టములు అని ఆ పేరునకు అర్థము.

ఇందలి ప్రయోగము చిత్రమైనది. ఇరువురిదియు ఒకే వాద్యము, ఆల్టో సాక్సోఫోను. కావున భేదము వాద్యముది కాదు, శాస్త్రముదే యని చెవికి తేటపడును. మహంతప్ప స్వరము గట్టిగా, కోణములు దేరి, ఒక్కొక్క స్వరమున సూటిగా దిగును. గోపాలనాథుని స్వరము ఒకదానినుండి మరియొకదానికి జారుచు, వంగుచు, చుట్టుకొనుచు పోవును. ఒకే పల్లవిని ఇరువురును జంటగా వాయించినప్పుడు ఆ రెండు స్వభావముల రాపిడి వినబడును. ఆ రాపిడిని నునుపు చేయక ఉంచుటయే ఈ ఆల్బమునందలి సొగసు. గిటారు, బాసు, డ్రమ్ములు ఒకవైపునను, పూవలూరు శ్రీజి మృదంగము, కన్యాకుమారి ఫిడేలు మరియొకవైపునను ఉండును. పెద్దరచనల నడుమ ఒక్కొక్కరికి తాళములేని చిన్న యాలాపము కలదు. గిటారు వాదకుడు రెజ్ అబ్బాసీది యొకటి, కన్యాకుమారిది యొకటి.

అవసరాల కన్యాకుమారి విజయనగరమున సంగీతాభ్యాసము ఆరంభించి, మద్రాసున ఎం. ఎల్. వసంతకుమారికి పక్కవాద్యము వాయించి పెరిగిన విదుషీమణి. ‘కిన్స్‌మెన్’ నందలి ఆమె యాలాపము చిన్నది. కాని ఆమె ఫిడేలుకు స్వరగుచ్ఛముల యండ యక్కరలేదు. పక్కవాద్యమునకే అలవాటుపడిన చేయి ఒంటిగా నిలుచుట విన్నవారికి ఈ ఆల్బమునందు మిక్కిలి నిశ్చింతగా ఊపిరి పీల్చుకొను చోటు ఇదియే యనిపించును. ‘కల్యాణి’ యను పేరుగల రచన యిందు సహజముగానే పరీక్షాస్థానము. కల్యాణి స్వరములు పాశ్చాత్యులకు లిడియన్ అను పేర పరిచితములే. కాని స్వరముల జాబితా కల్యాణి కాదు. ప్రతిమధ్యమము ఊగవలసిన యూపు, నిషాదము షడ్జమును తాకి తాకని తీరు కలిసిననే కల్యాణి. గోపాలనాథుని చేత అది కల్యాణి. మహంతప్ప చేత అది కల్యాణి స్వరములతో చేసిన వేరొక గొప్ప వస్తువు. ఈ రెంటిని ఒకటిగా చూపకపోవుట ఆతని నిజాయితీ.

పియానోకు ఈ చిక్కు మరింత పెద్దది. దానిమీద రెండు మీటల నడుమ నున్న స్థానము పలుకనే పలుకదు. విజయ్ అయ్యర్ 2011లో వెలువరించిన ‘తీర్థ’ ఆల్బమున పియానో ఆతనిది, గిటారు ప్రసన్నది, తబలా హైదరాబాదున విద్య నేర్చిన నితిన్ మిట్టాది. గమకమును పియానోపై అనుకరింపజూచిన రచనలు లోకమున లేకపోలేదు. అవి యన్నియు నత్తివాని పద్యపఠనమువలె నుండును. అయ్యర్ ఆ త్రోవ తొక్కలేదు. గమకమును గిటారుకు విడిచి, తాను తాళమునందలి విభాగముల నెత్తుకొని వానిపై స్వరగుచ్ఛముల కట్టడము లేపినాడు. తబలా ఇందు వెనుకనుండి తాళము వేయు పరిచారిక కాదు. ఠేకాను విడిచి, పియానో వాక్యమునకు విరామచిహ్నములు పెట్టుచు పోవును. మూడు వాద్యములే గనుక ఎవరు ఊరకున్నను వినబడును. ఈ ముద్రణములలో మౌనమును గౌరవించినది ఇదియే.

లయనుగూర్చి ప్రత్యేకముగా నొక మాట. ఈ మేళనములలో త్వరగా కుదురునది లయ. కార్డుకును రాగమునకును వైరమున్నట్లు మన ఆవర్తనమునకును, జాజ్‌వారి పండ్రెండు లేక ముప్పదిరెండు కొలతల చుట్టునకును వైరము లేదు. చుట్టు తిరిగి సమమునకు చేరవలెనను తపన ఇరువురకును కలదు. వారి స్వింగ్ నడక తిస్రగతికి చుట్టమువలె వినబడును. ఈ సులువే ఇప్పుడు పెద్ద యపాయమై కూర్చున్నది. రచన యెటు పోయినను తుదకు మూడుమారులు తిరిగివచ్చు నొక ముక్తాయి పడవేసి కరతాళములు సంపాదించుట పరిపాటియైపోయినది. ఐదును ఏడును లెక్కించుట విద్యయే. అది సంగీతమునకు అస్థిపంజరము మాత్రమే. ఉమయాళ్పురం శివరామన్ శిష్యురాలైన రాజ్నా స్వామినాథన్ 2019లో వెలువరించిన ‘ఆఫ్ ఏజెన్సీ అండ్ ఆబ్‌స్ట్రాక్షన్’ ఆల్బము ఈ విషయమున మేలైనది. మృదంగవాదకురాలే రచయిత్రి యైనను, మృదంగము తన ప్రతాపము చూపుటకు తొందరపడదు. ఫిడేలు, ట్రంపెట్టు, సాక్సోఫోను, గిటారు వినుచుండగా తానును వినుచుండును. కొందరికి అది మందముగా తోచవచ్చును, మరల విన్నచో తోచదు.

ఇక 2023లో ‘శక్తి’ పేర మరల వెలువడిన ‘దిస్ మొమెంట్’. 2024 ఫిబ్రవరిలో దీనికి గ్రామీ బహుమానము వచ్చినది. ఆ యేడు డిసెంబరులోనే జాకీర్ హుసేన్ గతించుటచే ఇది ఆ బృందమునకు ఆతనితోడి చివరి స్టూడియో ఆల్బమై నిలిచినది. మహమ్మారి రోజులలో వాదకులు వేరువేరు తావులనుండి తమ తమ భాగములను ముద్రించి పంపుకొనగా దీనిని కూర్చిరి. ఎదురెదుట కూర్చుండి, కనుసన్నలతో ముడివేసి విప్పుకొను విద్యకు ఇది తగిన మార్గము కాదు. 1975 కచేరిని, దీనిని వెంటవెంట వినినచో భేదము తెలియును. మొదటిదానియందు ప్రమాదము కలదు, ఎప్పుడేమగునో యని వినువాడు ఊపిరి బిగబట్టును. రెండవదానియందు అంతయు చక్కగా తోమిన పాత్రవలె మెరయుచుండును.

తెలుగువారు ఈ ఆల్బమున చెవియొగ్గవలసినది శంకర్ మహదేవన్ పాడిన త్యాగరాజకృతి. 2001లో వెలువడిన ‘సాటర్‌డే నైట్ ఇన్ బాంబే’ యందును ఆయన దీనిని పాడినాడు. కృతి ‘గిరిరాజసుతాతనయ’, రాగము బంగాళ. రెండు ఆల్బములమీదను పేరు ‘గిరిరాజ్ సుధ’ యని యచ్చుపడినది. గిరిరాజు హిమవంతుడు, ఆతని సుత పార్వతి, ఆమె తనయుడు విఘ్నేశ్వరుడు. ‘సుధ’ యనినచో పార్వతి పోయి అమృతము వచ్చినది, తనయుడు దిక్కులేనివాడైనాడు. తకార దకారములకు వేరువేరు అక్షరములు లేని తమిళలిపి ద్వారా రోమను లిపికి పోయినప్పుడు ఈ మార్పు కలిగియుండవచ్చును. పొరపాటు చిన్నది. కాని స్వరమున శ్రుతిభంగమును సహింపనివారు, ఇరువది రెండేండ్ల యెడమున రెండుమారులు దీనిని ముద్రించి సహించిరి. మెట్ల నడుమ చెక్కను తొలిపించినంత శ్రద్ధలో నూరవవంతు ఈ యక్షరముపై పెట్టినచో చాలియుండెడిది.

బంగాళ మెంత సున్నితమైన రాగమో చూచినచో ఈ విచారము పెరుగును. స్వరములన్నియు శంకరాభరణమువే. ధైవతము లేదు, సంచారము వక్రము. పంచమమునుండి వెనుకకు రిషభమునకు వచ్చి, మరల పంచమమున కెగిరిననే అది బంగాళ. దాని క్రింద పాశ్చాత్యుల మేజర్ కార్డు నిలిపినచో ధైవతలోపమును, వక్రగతిని చెవి మరచి, అంతయు శంకరాభరణముగానే తోచును. ‘శక్తి’ వారు ఇందు గిటారును అదుపులో నుంచుకొని రాగమును కాపాడిరి. సాహిత్యమును కాపాడినారని మాత్రము చెప్ప వీలులేదు. పల్లవి యెత్తుగడ రెండు వాద్యముల పందెములనడుమ ముక్తాయికి ఆనవాలుగా మిగిలినది. విఘ్నేశ్వరుని దయ వేడు భక్తుని మాట యెవరికి చెప్పబడినదో, ఎందుకు చెప్పబడినదో వినువానికి చేరదు.

మాటను విడుచుట జాజ్ ధర్మమనుటకును వీలు లేదు. సాక్సోఫోను వాదకుడు లెస్టర్ యంగ్ (1909–1959) పాట మాటలు తెలియక దానిని వాయింపరాదనెడివాడని ప్రసిద్ధి. వాద్యమునకు నోరు లేకున్నను వాక్యమెచట విరుగునో, ఏ పదముపై ఊనిక పడునో వాదకుడు ఎరిగియుండవలెనని ఆతని భావము. రుద్రరాజు సుబ్బరాజుగారు పాడి నేర్పినది దీనినే. 2001 నాటి ముద్రణమున ఈ కృతివెంట, తెలుగు తల్లిభాషగా గలవాడు, పాటను నోటిమాటగా విని నేర్చినవాడు ఒకడు మాండలిను పట్టి కూర్చుండియుండెను. 2023 నాటి ముద్రణమున ఆ చోట ఆతడు లేడు. ఆల్బమునందలి మొదటి రచనకు ‘శ్రీనీస్ డ్రీమ్’ అని ఆతని పేరు పెట్టియున్నారు.